జొన్నరొట్టెయు ప్రేవుల వ్యథయు

పరీక్షలన్నియు చేయించుకొని, ఎండోస్కోపీలో పుండు కనబడక, స్కానింగులో గడ్డ తేలక, రక్తములో దోషము దొరకక, తుదకు "నీకే రోగమును లేదు, ఊరక ఆలోచించుట మానుకొమ్ము" అను మాటతో ఇల్లు చేరిన మనుష్యుడు, మఱునాటి ఉదయమే కడుపులో మెలిపెట్టు నొప్పితో మూడు పర్యాయములు మరుగుదొడ్డికి పరుగెత్తవలసి వచ్చినప్పుడు, నమ్మదగినది డాక్టరు మాటయో తన నొప్పియో తెలియక అల్లాడిపోవును. జ్వరము వచ్చినవానిని పదుగురు పరామర్శింతురు. కాలు విరిగినవానికి పండ్లు తెచ్చి యిత్తురు. ప్రేవుల బాధ చెప్పుకొన్నవానిని చూచి మాత్రము నలుగురును నవ్వుదురు. ఈ బాధను వైద్యులు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనియు, క్లుప్తముగా ఐబీఎస్ అనియు వ్యవహరింతురు. మన ఊళ్ళలో దానికి ప్రత్యేకముగా పేరు లేదు. గుండెనొప్పి మొదలు అజీర్ణము వఱకు సమస్తమును "గ్యాస్ ట్రబుల్" అను ఒక్క మాటలోనే ఇమిడిపోవుచున్నది, దానికి తగినట్లు అన్నింటికిని ఒకే గ్యాస్ గోలీ దొరకుచున్నది.

కడుపునొప్పి సగటున వారమునకొక దినమైనను వచ్చుచు, ఆ నొప్పికి మలవిసర్జన, విరేచనముల సంఖ్యలోని మార్పు, వాని రూపములోని మార్పు అను మూడింటిలో రెండింటితోనైనను సంబంధము కనబడుచు, గడచిన మూడు మాసములుగా ఇది సాగుచు, తొలి లక్షణము పొడసూపి ఆఱు మాసములైనచో, 2016లో వెలువడిన రోమ్ ప్రమాణముల ననుసరించి దానిని ఐబీఎస్ అందురు. మలములో రక్తము పడుట, కారణము లేక బరువు తగ్గుట, రక్తహీనత, జ్వరము, గాఢనిద్రనుండి లేపు విరేచనములు, ఏబది యేండ్లు దాటిన పిమ్మట క్రొత్తగా మొదలైన బాధ, ఇవి యున్నచో సంగతి వేఱు. అట్టివారు ఈ వ్యాసమును పక్కన పెట్టి ముందు వైద్యుని చూడవలెను. ఇవేవియు లేనివారికి ఐబీఎస్ ప్రాణము తీయదు గాని జీవితమును కుంచించివేయును. జహీరాబాదు నుండి హైదరాబాదునకు జాతీయరహదారిపై సుమారు నూఱు కిలోమీటర్లు. ఆ బస్సులో కూర్చుండబోవు స్త్రీ ముందునాటి రాత్రినుండి అన్నము మానుకొనుట, ప్రొద్దున నీరు సైతము త్రాగకుండుట, "బస్సు ఎక్కడ ఆగును, ఆగినచోట మరుగు ఉండునా" యని లెక్కలు వేసికొనుట, పెండ్లికి పిలిచిన చుట్టములకు ఏదో సాకు చెప్పుట, ఇవన్నియు ఆ రోగములోని భాగములే. ఐబీఎస్ గలవారిలో పదింట మువ్వురు నలుగురు ఆందోళనతో గాని, క్రుంగుబాటుతో గాని బాధపడుచున్నారని పరిశోధకులు చెప్పుచున్నారన్న, అందులో వింత పడవలసినదేమున్నది?

ప్రేవులు మనస్సును బాధించుచున్నవా, మనస్సు ప్రేవులను బాధించుచున్నదా అను ప్రశ్న మాత్రము కడు పాతది. మనఃక్షోభ గలవానికి పథ్యమైన అన్నము సైతము అరగదని చరకసంహిత ఎఱుగును. 1822లో అమెరికాలో తుపాకిగుండు తగిలి పొట్టకు పడిన రంధ్రము పూడక, అట్లే బ్రదికిపోయిన అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకుని జఠరములోనికి, ఆ రంధ్రముగుండ ఏండ్లతరబడి తొంగిచూచిన విలియం బోమాంట్ అను సైనికవైద్యుడు, కోపోద్రేకములు కలిగినప్పుడు జఠరము రంగును, రసమును మార్చుకొనుట కనులార చూచి, 1833లో గ్రంథస్థము చేసెను. నేటి శాస్త్రజ్ఞులు ఈ మార్గము ఇరువైపులకును నడచునదని చెప్పుచున్నారు. ప్రేవుల గోడలలో పది కోట్లకు మించిన నాడీకణములున్నవి. ప్రేవులకును మెదడునకును నడుమ నున్న వేగస్ నాడిలోని తంతువులలో పదింట ఎనిమిది పాళ్ళు క్రిందినుండి పైకి వార్తలు మోయునవే, పైనుండి క్రిందికి ఆజ్ఞలు తెచ్చునవి కొలదియే. దేహములోని సెరటోనిన్‌లో నూటికి తొంబది పాళ్ళు ప్రేవులలోనే పుట్టుచున్నది. దీనిని పట్టుకొని, ఈ పండు తిన్న ఆనందము, ఆ గింజ నమలిన సంతోషము అని వారమువారము వ్రాయువారు మన పత్రికలలో కొల్లలు. ప్రేవులలో పుట్టిన సెరటోనిన్ రక్తమునుండి మెదడులోనికి చొరజాలదను చిన్న సంగతి వారికి పట్టదు. అది ప్రేవులలోనే యుండి వాని కదలికను, నొప్పి తెలియు గుణమును నడపుచు, నాడులద్వారా మాత్రమే పైకి తన మాట వినిపించును. కడుపునకును మనస్సునకును బాంధవ్యము నిజమే గాని, అది అంగడిలో కొనితెచ్చుకొను బాంధవ్యము కాదు.

ఇంతకును అన్నము, ప్రేవులు, మనస్సు అను మూడింటిని ఒక్కమాఱుగా పట్టి చూపిన రోగమొకటి మన దక్కను పీఠభూమిపైననే ఉండెడిది. కూనూరులో 1918లో రాబర్ట్ మెకారిసన్ ప్రారంభించిన పరిశోధనశాల (నేడు తార్నాకలోని జాతీయ పోషకాహారసంస్థ) 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. ఆ కాలమున ఈ పీఠభూమి గ్రామములలో, జొన్నయే అన్నముగా బ్రతుకు నిరుపేద కూలీలకు, ఎండ సోకుచోట్ల చర్మము నల్లబడి పొలుసులు లేచెడిది; దానివెంట విరేచనములు పట్టెడివి; దానివెంట నిద్ర దూరమై, మాట తగ్గి, దేనియందును ఆసక్తి లేని విషాదము క్రమ్ముకొనెడిది. ఇది పెల్లాగ్రా. మొక్కజొన్న తిను అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఇదే వ్యాధి వేలమందిని బలిగొనుచుండగా, అది అంటువ్యాధి కాదనియు, పేదవాని పళ్ళెరమునుండి పుట్టినదనియు 1914 మొదలుకొని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ వాదించి నిరూపించెను. నికొటినిక్ ఆమ్లమే దాని మందని 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ కనుగొనెను. కాని జొన్నలో ఆ పోషకము బియ్యములోకంటె తక్కువ లేదే, మఱి జొన్న తినువారికేల ఈ వ్యాధి వచ్చుచున్నది? హైదరాబాదులోని ఆ పరిశోధనశాలకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా గార్లు జొన్నలో లూసిన్ అను ఆమ్లము మితిమీరి యుండుటయే కారణమై యుండునని 1960లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. తరువాతివారిలో కొందఱు ఆ సిద్ధాంతమును ఖండించిరి, కొందఱు సమర్థించిరి. ఆ తగవులోనికి మనము పోనక్కఱలేదు. ట్రిప్టోఫాన్ అను ఒక్క ముడిసరుకునుండియే దేహము నికొటినిక్ ఆమ్లమును, సెరటోనిన్‌ను గూడ తయారుచేసికొనుననియు, ఆ సరుకు కొఱవడిననాడు చర్మము, ప్రేవు, మనస్సు మూడును కలిసి కూలుననియు తెలిసికొన్న చాలును.

పెల్లాగ్రా ఐబీఎస్ కాదు. ఒకటి పోషకలోపము, మఱియొకటి లోపమేదియు కనబడని ప్రేవుల అతిసున్నితత్వము. రెంటిని కలిపివేయుట పొరపాటు. అయినను దక్కను పెల్లాగ్రాను ఇచట తలచుటకు కారణమున్నది. ఆ రోగుల పళ్ళెరములో జొన్న యుండుట నేరము కాదు, జొన్న తప్ప మఱేమియు లేకుండుట నేరము. పప్పో, పాలో, మాంసమో కొలదిగనైనను జొన్నకు తోడైన యింట ఆ వ్యాధి నిలువలేదు. నేడు పట్టణములలో సిరిధాన్యములను దేవతలుగా కొలుచువారికిని, ఐబీఎస్ రోగులకు "ఇదొక్కటే తినుము, తక్కినవన్నియు మానుము" అని మొబైలు తెరలపై ఉపదేశించువారికిని ఈ పాతకథ వినిపింపవలసి యున్నది.

జొన్నకు తోడెట్లుండవలెనో చూపిన పొలములు జహీరాబాదు చుట్టుప్రక్కలనే యున్నవి. 1983లో మొదలై, పస్తాపూరు కేంద్రముగా పనిచేయు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళాసంఘములలో అధికులు దళితస్త్రీలు, ఎకరము రెండెకరముల మెట్టచెలక గలవారు. వారి చెలకలో పచ్చజొన్న ప్రక్కన కంది, కంది నీడన పెసర, గట్టుప్రక్కన పుంటికూర, నడుమ అనుములు, నువ్వులు, కొఱ్ఱ, యాసంగిలో తెల్లజొన్నతో శనగ, కుసుమ, అవిసె, ఇట్లు పది పండ్రెండు పంటలు కలిసి పెరుగును. విత్తని ఆకుకూరలు వానికి అదనము. 1990ల మధ్యలో ఆ స్త్రీలు బీడులను సాగులోనికి తెచ్చి, జొన్నలను తమ ఊరనే కొని, తమ ఊరనే నిలువచేసి, తమ ఊరి పేదలకే చౌకగా పంచిరి. ప్రతి సంవత్సరము సంక్రాంతి మొదలుకొని ఎడ్లబండ్లపై విత్తనముల కుండలు పేర్చి ఊరూర త్రిప్పు పాతపంటల జాతర నేటికిని ఆ సీమలో పండుగయే. 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమతి ఈ సంఘములకు వచ్చెను. వారికి వెన్నుదన్నుగా నిలిచిన పి.వి. సతీశ్ గారు, ప్రపంచమంతయు చిరుధాన్య సంవత్సరమని ఉత్సవము జరుపుకొనుచున్న 2023 మార్చిలోనే కన్నుమూసిరి.

వైవిధ్యమును ఇంతగా పొగడి, ఇక నొక చేదునిజము చెప్పవలసి వచ్చుచున్నది. ఆ చెలకలో పండినదంతయు ఐబీఎస్ గలవాని ప్రేవులకు పడదు. మెల్బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయమున పీటర్ గిబ్సన్, సూ షెపర్డ్ అను పరిశోధకులు 2005 ప్రాంతమున ఒక సిద్ధాంతమును ప్రతిపాదించిరి. కొన్ని చక్కెరలు, పిండిపదార్థములు చిన్నప్రేవులో పూర్తిగా ఇంకక, నీటిని తమవైపు లాగుకొని, పెద్దప్రేవునకు చేరి అచటి సూక్ష్మజీవులచేత పులిసి వాయువుగా మారును. వీనికి ఫాడ్‌మ్యాప్‌లని పేరు పెట్టిరి. ఇది అందఱి కడుపులోను జరుగునదే. ఆ ఉబ్బరమును ఒకడు గమనింపనైన గమనింపడు. ఐబీఎస్ గలవాని ప్రేవు దానిని పొడుచునట్టి నొప్పిగా మెదడునకు తెలుపును. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగలు, పాలు, మామిడిపండు, గోబిపువ్వు ఈ జాబితాలో ముందు వరుసనున్నవి. జొన్న, కొఱ్ఱ, వరి మాత్రము ఆ జాబితాలో లేవు. వరియన్నము దాదాపు పూర్తిగా చిన్నప్రేవులోనే ఇంకిపోవును, వాయువును అన్నిటికంటె తక్కువగా పుట్టించును. కావున రేషను బియ్యమును తూలనాడి చిరుధాన్యములను కీర్తించువారు ఐబీఎస్ పేరు చెప్పకుండుట మంచిది.

ఇప్పుడు జహీరాబాదు కూలీతల్లి మధ్యాహ్నపు సద్దిమూటను విప్పి చూతము. జొన్నరొట్టె, దానిపై ఎల్లిపాయకారము, చేత పగులగొట్టిన పచ్చి ఉల్లిగడ్డ. రొట్టె నిర్దోషి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ముద్దాయిలు. కాని ఏండ్లతరబడి కడుపుబ్బరముతో బాధపడు ఆ తల్లి తనకు తెలిసిన లెక్క ప్రకారము జొన్న బరువైన ధాన్యమని రొట్టె మానివేసి, సన్నబియ్యపు అన్నములోనికి అదే ఎల్లిపాయకారమును కలుపుకొనుచున్నదనుకొనుడు. తగ్గవలసినది తగ్గదు, పోగూడనిది పోవును. రహదారి ధాబాలో గోధుమరొట్టె, శనగపప్పు కూర, మిర్చిబజ్జీ తిని, ఆపైన పాలు దట్టించిన చాయ త్రాగి బస్సెక్కువాని సంగతి చెప్పనే యక్కఱలేదు. కారములోని ఘాటు సైతము నొప్పి తెలుపు నాడులను నేరుగా రేపును.

దీనికి వంటింటిలోనే ఉపాయమొకటి యున్నది, అది నాకు మిక్కిలి నచ్చినది. ఉల్లిలోను వెల్లుల్లిలోను బాధించు ఫ్రక్టాన్‌లు నీటిలో కరగును, నూనెలో కరగవు. కనుక పోపులో వెల్లుల్లిరెబ్బలను నూనెలో వేయించి, వాసన దిగిన పిదప రెబ్బలను తీసివేసినచో, రుచి నూనెలో మిగులును, బాధ రెబ్బతో పోవును. పులుసులో వేసి మరగించినచో రెబ్బను తీసినను బాధ పోదు. ఉల్లికాడలలో ఆకుపచ్చని భాగము సామాన్యముగా పడును. ఇంగువ ఉండనే యున్నది. వీనికి తోడు, పీచు కావలెనని చెప్పి తౌడును, పొట్టును కడుపునిండ తినిపించుట కొందఱికి బాధను హెచ్చించును. నీటిలో నాని జిగురగు ఇసబ్‌గోలు వారికి మేలు. నిర్ణీతవేళకు కూర్చుండి నెమ్మదిగా తినుట, చాయ తగ్గించుట, నూనెలో వేగినవి తగ్గించుట అనునవి మన అమ్మమ్మలు చెప్పినవే గాని, ఇంటిల్లిపాదికి వడ్డించి మూడు గంటలకు మిగిలినది తిను స్త్రీకి ఆ నిర్ణీతవేళ ఎవరిచ్చెదరో వారు చెప్పలేదు.

పథ్యము పనిచేయునా? పనిచేయుననుటకు 2024లో స్వీడనులోని గోథెన్‌బర్గ్ వైద్యులు ప్రకటించిన ప్రయోగమే సాక్షి. నాలుగు వారములలో, ఫాడ్‌మ్యాప్‌లు తగ్గించి తినువేళల క్రమమును పాటించినవారిలో నూటికి 76 మందికిని, పిండిపదార్థములు తగ్గించి తిన్నవారిలో 71 మందికిని, మందులు వాడినవారిలో 58 మందికిని బాధ చెప్పుకోదగినంత తగ్గెను. కాని ఈ పథ్యము జీవితాంతము పట్టవలసిన వ్రతము కాదు. నాలుగు మొదలు ఆఱు వారములు మాత్రమే మానవలెను. తరువాత ఒక్కొక్క పదార్థమును కొలదికొలదిగా తిరిగి తినిచూచి, తనకు పడనిదేదో తెలిసికొని, తక్కినవాని నన్నిటిని మరల పళ్ళెరములోనికి పిలువవలెను. మొదటి అంకమునందే నిలిచిపోవువారు ఎక్కువ. ఒకరి మాటపై గోధుమ మానుదురు, వేఱొకరి మాటపై పప్పు మానుదురు, ఒక వీడియో చూచి పాలు మానుదురు, తుదకు మజ్జిగ యన్నమొకటి మిగులును. అప్పుడు ప్రేవులలోని మేలుచేయు బైఫిడో సూక్ష్మజీవులు తగ్గును, బరువు తగ్గును, పదిమందితో కూర్చుండి తినుటకు భయము పుట్టును. పేరు పథ్యమే గాని, నాటి పెల్లాగ్రా రోగుల ఏకధాన్యపు పళ్ళెరము మరల సిద్ధమైనట్లే. ఆహారము మెఱుగుపడిన మనస్సు తేరుకొనుటకు గూడ నిదర్శనము కలదు. 2017లో ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా బృందము తీవ్రమైన క్రుంగుబాటు గల 67 మందిపై జరిపిన చిన్న ప్రయోగములో, కూరలు, పప్పులు, పండ్లు, చేపలు, ముడిధాన్యములు తినుటకు తోడ్పాటు పొందినవారిలో నూటికి 32 మంది కోలుకొనగా, మాటసాయము మాత్రమే పొందినవారిలో 8 మంది కోలుకొనిరి. చూడుడు, అచటి పథ్యము తీసివేయుట మాత్రమే కాదు, చేర్చుటయును.

పథ్యము అందఱికిని చాలదు. ప్రేవుల నాడులను శాంతింపజేయుటకు కొలదిమోతాదులో అమిట్రిప్టిలిన్ ఇచ్చిన బాధ తగ్గునని 2023లో బ్రిటనులోని సామాన్య వైద్యశాలలలో జరిగిన పెద్ద ప్రయోగము తేల్చెను. మన యూళ్ళలో ఆ చీటీ చూచినంతనే మందుల దుకాణమువాడు "ఇది మెంటల్ గోలీ" అనును, ఆ మాటతో రోగి దానిని కాలువలో పడవేయును. మనస్సునకు చికిత్స చెప్పుట "నీ నొప్పి అబద్ధము" అనుట కాదని ముందు వైద్యుడు గ్రహింపవలెను, పిమ్మట రోగికి విప్పి చెప్పవలెను. ఆందోళన అధికమైనవారు 14416 నంబరునకు ఫోను చేసి టెలి మానస్ సలహాదారులతో తెలుగులోనే మాటలాడవచ్చును; ఆ పిలుపునకు ఖర్చు లేదు.

ఇక ప్రభుత్వమువారి కొక మాట. 2025 ఉగాదినాడు మనిషికి ఆఱు కిలోల సన్నబియ్యమిచ్చు పథకము మన రాష్ట్రమున మొదలైనది. ఆకలి తీర్చు ఏ పథకమును నేను నిందింపను. కాని 2013నాటి జాతీయ ఆహారభద్రతా చట్టములో బియ్యము, గోధుమలతో పాటు ముతకధాన్యములును చేరియున్నవి, పొరుగున కర్ణాటకమువారు రాగులను, జొన్నలను రేషనులో చేర్చిరి. జహీరాబాదు ప్రాంతమున ఆ ఆఱు కిలోలలో ఒక కిలో జొన్నలుగను, మఱియొక అరకిలో పెసరపప్పుగను కోరుకొను హక్కు కార్డుదారుల కిచ్చినచో, పండించు చేతులకు ధర, తిను పళ్ళెరమునకు తోడు రెండును సమకూరును. ఏరియా ఆసుపత్రులన్నింటిలోను కడుపు వైద్యము జరుగు దినముననే పథ్యము చెప్పు నిపుణురాలు, మనస్సు వినిపించుకొను సలహాదారు ఒకే గదిలో కూర్చుండవలెను. ఒక్క రోగమునకు రోగిని మూడు గదులు త్రిప్పుట అన్యాయము. 2008 అక్టోబరు నుండి మాచ్‌నూరులో స్త్రీలే నడపుచున్న సంఘం రేడియో, ఆ సీమ మాటలోనే ప్రేవుల సంగతులను వారమునకొక పర్యాయము వినిపించినచో, ఏ ఆసుపత్రియు చేయలేని పని జరుగును.

చదువరులారా, మీలో ఎవరికైన ఈ బాధ యున్నచో, ఏది తిన్నప్పుడు, ఏ దినమున, ఏ దిగులు మనస్సులో నుండగా నొప్పి వచ్చినదో ఒక నెలపాటు చిన్న పుస్తకములో వ్రాసికొని, ఏ పదార్థమును స్వయముగా మానకమునుపే, ఆ పుస్తకమును వైద్యుని ముందు పెట్టుడు.